వైజాగ్‌లో డాబా మీద సోలార్: కరెంటుకైతే సరే, వేడినీళ్లకు కాస్త ఆగండి

"వైజాగ్‌లో సొంతిల్లు, నెలకు మూడున్నర వేలు కరెంటు బిల్లు, సోలార్ ప్యానెళ్లు, సోలార్ వాటర్ హీటర్ రెండూ పెట్టించేయమంటారా?" అని కదా మీరు అడిగింది. నేను రెండూ పెట్టించాను. 2016లో హీటర్, 2024లో ప్యానెళ్లు. మొదటిది మానేసి ఉంటే బాగుండేది.

మాది పెదవాల్తేరు. మన ఊళ్లో వేడినీళ్లు నిజంగా కావాల్సింది డిసెంబరు, జనవరి, మహా అయితే ఫిబ్రవరి సగం వరకు. ఎండాకాలం ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు, వాటికి మళ్లీ హీటరా అని మా ఆవిడ మొదటి రోజే అంది, నేను వినలేదు. స్నానాల గదేమో కింద, హీటరేమో రెండంతస్తుల పైన, వేడినీళ్లు దిగేలోపు ఒక బకెట్ చన్నీళ్లు వదిలేయాలి. ఓ గాలివాన రాత్రి పక్కింటి చెట్టు కొబ్బరికాయ పడి, హీటర్‌లో ఎండకు నీళ్లు కాగే గాజు గొట్టాల్లో ఒకటి పగిలింది. ఒక్కటేగా అనుకోకండి, ట్యాంకు నీళ్లు ఆ గొట్టాల్లోకే దిగి తిరుగుతాయి కాబట్టి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, మెట్ల మీద ధార. 2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే అయ్యేది ఒక్క యూనిట్. ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది.

ప్యానెళ్ల సంగతి వేరు. 3 కిలోవాట్లు, దక్షిణం వైపు వాల్చి పెట్టించాను, కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు ఖాతాలో పడింది. ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి, ముసురు పడితే మూడో నాలుగో. వాడగా మిగిలింది గ్రిడ్‌లోకి, అంటే బయటి కరెంటు లైన్లలోకి పోతుంది, వచ్చిందీ పోయిందీ రెండూ లెక్కేసే నెట్ మీటర్ ప్రకారం అది బిల్లులో తగ్గిస్తారు. ఎక్కువ రేటు పడే పై స్లాబుల యూనిట్లే ముందు తగ్గుతాయి కాబట్టి మీలాంటి బిల్లుకు గిట్టుబాటే. నెలకు వంద యూనిట్లు వాడే మా తమ్ముడికి మాత్రం నేనే వద్దన్నాను.

కానీ ఒకటి ఎవరూ చెప్పరు. కరెంటు పోతే ఇదీ పోతుంది! లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చి బయటి లైనుతో కలిపే పెట్టె) తనంతట తానే ఆగిపోతుంది. 2014 హుద్‌హుద్ తుఫాను అప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం కదా, ఇక ఆ టెన్షన్ ఉండదనుకున్నాను. మొదటి నెలలోనే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది, పైన ఎండ మండిపోతోంది, కింద ఫ్యాను తిరగదు. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవచ్చు గానీ ఖర్చు బాగా పెరుగుతుంది.

ఇక ఉప్పుగాలి. ఏడాది తిరక్కుండానే స్టాండు బోల్టులు ఎర్రబడ్డాయి, గోటితో గీకితే పొడి రాలింది. బిగించినవాళ్లు "ఏం కాదు సార్" అన్నారు మరి. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన) స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అని కొటేషన్‌లోనే రాయించుకోండి, మన తుఫాన్లకు కాళ్లు కాంక్రీటు దిమ్మెల్లో గట్టిగా ఉండాలి. ప్యానెళ్లు పొద్దున్నే కడగండి, ఉప్పు బోరు నీళ్లు మాత్రం వద్దు, తెల్ల మరకలు పట్టేస్తాయి.

సైజు మాట్లాడే ముందు సాయంత్రం ఓసారి డాబా ఎక్కి నీడ ఎక్కడ పడుతోందో చూడండి. ప్యానెళ్లు ఒకదానికొకటి వైరుతో కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క ప్యానెల్ మీద పడ్డా ఆ వరస మొత్తానికీ దెబ్బే. నాలుగు దాటాక మా ప్యానెళ్ల మీదికి అదే కొబ్బరిచెట్టు నీడ వస్తోంది. కొట్టించమని అడగడానికి నోరు రావట్లేదు, వాళ్లు ఏటా మాకు కాయలు పంపుతారు.