ఎక్స్‌రే గదిలో పనిచేస్తే రేపు పుట్టబోయే పిల్లలకు ఏమైనా అవుతుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి పీయూసీ పాసైంది, లెక్కలు తీసుకోలేదు. బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ (ఎక్స్‌రేలు, స్కానింగ్‌లు తీసే చదువు) చదువుతానంటోంది. చూలు ఎలుకలకు రేడియేషన్ ఇస్తే పిల్లలు వైకల్యంతో పుట్టాయని మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపింది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. బీఎస్సీ డేటా సైన్స్‌లో చేర్పిస్తే మేలా?

జవాబు: అమ్మా, రెండు కోర్సులూ పోల్చి చెబుతాను. ముందు ఆ ఎలుకల సంగతి తేలిపోవాలి.

అది అబద్ధం కాదు. 1950 ప్రాంతంలో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో లియాన్, విలియం రస్సెల్ అనే శాస్త్రవేత్త దంపతులు చేసిన ప్రయోగాలవి. ఎలుక కడుపు మోసేది మూడు వారాలే. మొదటి నాలుగైదు రోజుల్లో ఎక్స్‌రే తగిలితే పిండం చాలావరకు నిలవదు, నిలిస్తే మామూలుగానే పుడుతుంది. అవయవాలు ఏర్పడే రెండో వారంలో తగిలితే తోకలు, వేళ్లు, ఎముకలు దెబ్బతిన్నాయి. అయితే వాళ్లు పెట్టిన మోతాదు చూడండి: ఒకేసారి 200 రాంట్‌జెన్‌లు (ఎక్స్‌రేలను కొలిచే పాత లెక్క), ఇప్పటి కొలతలో ఒంటికి చేరేది సుమారు 2,000 మిల్లీగ్రే. గర్భిణికి ఛాతీ ఎక్స్‌రే తీస్తే బిడ్డకు చేరేది 0.01 మిల్లీగ్రే కూడా ఉండదు. మీ అమ్మాయి పేషెంటు కూడా కాదు, బటన్ నొక్కేటప్పుడు సీసపు అద్దం వెనక నిలబడుతుంది.

రేడియేషన్‌ను ఆపే సీసపు ఏప్రాన్ కింద, ఛాతీ దగ్గర అగ్గిపెట్టెంత టీఎల్‌డీ బ్యాడ్జ్ (రేడియేషన్‌ను కొలిచేది) ఉంటుంది. ఒంటికి ఎంత తగిలిందో మూడు నెలలకోసారి దాన్ని పంపించి లెక్క చూస్తారు. గర్భమని చెప్పిన రోజునుంచి కాన్పు దాకా బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ (ఎక్స్‌రేల విషయంలో 1 మిల్లీగ్రేతో సమానం) దాటకూడదన్నది మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఏఈఆర్‌బీ నియమం. అందుకే ఆ మాట ఆలస్యం చేయకుండా చెప్పాలి. గుండె రక్తనాళాలకు స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌లో యంత్రం పక్కనే నిలబడాలి, అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎమ్మారైలో అసలు ఎక్స్‌రేలే ఉండవు.

కాస్త గట్టిగా అంటున్నాను, ఏమనుకోకండి. ఇంకా పెళ్లి మాటే లేని పిల్ల గురించి అడుగుతూ పుట్టని మనవల గురించి రాశారు. ఆ పిల్లకు ఈ చదువు ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అదే కొడుకైతే ఇలా అడిగేవారా?

నా అనుమానమంతా డేటా సైన్స్ మీదే. స్టాటిస్టిక్స్, మాట్రిసెస్ లేకుండా ఆ చదువు లేదు. లెక్కలు వదిలేసిన పిల్లను అందులో పడేస్తే మొదటి సెమిస్టర్‌లోనే ఏడుస్తుంది. అలా ఏడ్చి నా దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. పాత కంప్యూటర్ కోర్సుకే కొత్త పేరు తగిలించి లక్షలు గుంజే కాలేజీలూ ఉన్నాయి. ఇమేజింగ్‌లో మొదటి జీతం తక్కువే, నైట్ డ్యూటీలు తప్పవు. ఆ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

సీటు తీసుకునే ముందు కాలేజీలో మూడు విషయాలు అడగండి: సొంత ఆసుపత్రి ఉందా, ప్రాక్టికల్స్‌కు వెళ్లే విద్యార్థులకూ బ్యాడ్జ్ ఇస్తారా, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఎవరు. వాళ్లు నసిగితే కాలేజీ మార్చండి, కోర్సు కాదు.