మేస్త్రీని అడగండి: ఆయిల్ చూడ్డం వచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంజన్ ఆయిల్ గురించే. ఎండలు ముదిరాక ఏటా ఇంతే. రోహిణి కార్తె దగ్గర పడేసరికి అందరికీ ఇంజన్ మీద అనుమానం, మెకానిక్ మీద అంతకంటే పెద్ద అనుమానం మొదలవుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకి పైగా స్పానర్ పట్టినవాణ్ణి, రెండు అనుమానాలూ నాకు పాతవే. కొన్ని ఉత్తరాలకి జవాబు రాస్తున్నాను.

*నాది 110 సీసీ స్కూటర్. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు, రోజూ దాని మీదే కాలేజీకి వెళ్తాను. ఎప్పుడు చూపించినా మా మెకానిక్ “ఆయిల్ బాగా తగ్గింది మేడమ్” అంటాడు. పోయినసారి పోయించుకోకుండా ఇంటికొచ్చేశాను. నేనే మూత విప్పి, ఆయిల్ కొలిచే పుల్ల తుడిచి, మళ్లీ బిగించి తీసి చూశాను. పై గీత దాకా ఉంది. ఆయన నన్ను మోసం చేస్తున్నాడా?*
*– ఒక అధ్యాపకురాలు, గుంటూరు*

అమ్మా, మెకానిక్కుల తరఫున వకాల్తా పుచ్చుకునే అలవాటు నాకు లేదు. కానీ మీ ఉత్తరంలో “మళ్లీ బిగించి” అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. తగాదా అంతా అక్కడే ఉంది.

మీ స్కూటర్‌కి మూత, డిప్‌స్టిక్ ఒకటే. మన దగ్గర ఎక్కువగా తిరిగే చాలా స్కూటర్లకీ, వంద సీసీ బైకులకీ కంపెనీ ఇచ్చిన కొలత మూత బిగించకుండా చూసేది. పుల్ల తుడిచి లోపలికి దించాలి. మర తగిలిన చోట ఆపాలి. తిప్పకూడదు, అలాగే పైకి తీసి చూడాలి. మీరు మూత పూర్తిగా బిగిస్తే ఆ మర ఎంత పొడుగుందో అంత లోతుకి పుల్ల దిగిపోతుంది. లోపల ఆయిల్ తక్కువున్నా పుల్లకి పైదాకా అంటుకుంటుంది. మీరు చూసిన పై గీత అలా వచ్చినదే. మెకానిక్ ఈసారికి నిజమే చెప్పి ఉండొచ్చు.

మీ బండిలో మొత్తం పట్టే ఆయిలే సుమారు ముప్పావు లీటరు. కారులో రెండు వందల మిల్లీలీటర్లు తగ్గితే ఎవరికీ పట్టదు, మీ స్కూటర్లో అంతే తగ్గితే పావు భాగానికి పైగా పోయినట్టు. అందుకే చిన్న బండికి ఈ కొలత మరీ ముఖ్యం.

ఇంకోటి. ఇంట్లో చూసినప్పుడు బండి సైడ్ స్టాండ్ మీద లేదు కదా? సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకి ఒరుగుతుంది, లోపలి ఆయిల్ కూడా అటే పోతుంది. పుల్ల కుడివైపు ఉన్న బైకుల్లో అది కొసన కూడా తడవదు. అయ్యో ఎండిపోయిందని పోసేస్తారు. డబుల్ స్టాండ్ వేయండి, చదునైన చోట. రెండు మూడు నిమిషాలు ఇంజన్ ఆడించి ఆపండి. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి అప్పుడు చూడండి. బిగించకుండా.

కొన్ని బళ్లకి మాత్రం మూత బిగించే చూడమని కంపెనీ రాస్తుంది. బండితో ఇచ్చిన పుస్తకం బీరువాలో చీరల కింద ఎక్కడో ఉంటుంది, తీసి ఒక్క పేజీ చదవండి. కొన్ని బైకులకి పుల్లే ఉండదు, ఇంజన్ పక్కన చిన్న గాజు కన్ను ఉంటుంది. ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమని ఆ కంట్లో రెండు గీతల మధ్య ఆయిల్ ఉందో లేదో చూస్తే సరి.

బిగించకుండా చూసినా నిండుగానే ఉందనుకోండి, అప్పుడు మళ్లీ రాయండి. మీ మెకానిక్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

*పటమటలో అపార్ట్‌మెంట్ మాది. పెట్రోలు కారు. హైదరాబాద్ వెళ్తూ కోదాడ దాటాక ఒక బంకులో ఆగాను. అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తించి పుల్ల తీసి “మినిమం కంటే కిందకొచ్చింది సార్” అని లీటరు పోశాడు. మర్నాడు పొద్దున చూస్తే మ్యాక్స్ గీతకి పైన అర వేలు ఉంది. ఇంటికొచ్చి సెల్లార్‌లో చూస్తే ఇంకోలా ఉంది. ఏది నమ్మాలి?*
*– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ*

మాస్టారూ, మర్నాడు పొద్దున చూసినదాన్నే నమ్మండి, అది కూడా ఆ చోటు చదునుగా ఉంటేనే.

ఇంజన్ ఆడుతున్నంతసేపూ ఆయిల్ కింద చాంబర్‌లో కూర్చోదు. పంపు దాన్ని పైకి తోస్తుంది, హెడ్‌లోనూ సన్నటి దారుల్లోనూ తిరుగుతుంది. గంటన్నర హైవే మీద లాగించి, ఆపిన వెంటనే పుల్ల తీస్తే ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది. అది కిందకి జారడానికి ఐదు నుంచి పది నిమిషాలు కావాలి. బంకులో అంతసేపు ఎవరుంటారు? వెనక హారన్లు మోగుతుంటాయి. ఆ కుర్రాడి తప్పు కూడా నేను పట్టను, చూసే పద్ధతి అతనికి ఎవరూ నేర్పి ఉండరు.

నాకు నేర్పారు, అదీ నేను తప్పు చేశాకే. పదహారేళ్ల వయసులో ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనికి కుదిరాను. ఒక టాక్సీ అంబాసిడర్ వచ్చింది. షెడ్డు ముందు వాలులోనే ముక్కు పైకి పెట్టి ఆపారు. నేను హుషారుగా పుల్ల తీసి, తక్కువగా ఉందని లీటరు కుమ్మరించాను. సాయంత్రానికి అదే కారు మంగళగిరి నుంచి నీలం పొగ వదులుకుంటూ తిరిగొచ్చింది. మా ఉస్తాద్ నన్ను తిట్టలేదు. ఎక్కువైన ఆయిల్ తీయించాక, అదే కారుని షెడ్డులో నాలుగు చోట్ల పెట్టించి నాలుగుసార్లు పుల్ల చూపించాడు. నాలుగు కొలతలు వచ్చాయి. తర్వాత సిమెంటు గచ్చు మీద చెంబెడు నీళ్లు పోశాడు. ఎటూ పారకుండా నిలిచిన చోట సుద్దముక్కతో కారు పట్టేంత డబ్బా గీశాడు. ఆ రోజు నుంచి ఆ డబ్బాలో పెట్టకుండా ఏ బండికీ ఆయిల్ చూడనివ్వలేదు. ఇప్పుడు నా షెడ్డులోనూ ఒకటుంది, సుద్ద బదులు పెయింట్.

మీ సెల్లార్‌లో కూడా అలాంటి చోటు ఒకటి వెతుక్కోండి. సెల్లార్లలో నీళ్లు పోవడానికి గచ్చుని కాలవ వైపు వాలుగా వేస్తారు, కంటికి తెలియదు, చెంబు నీళ్లకి తెలుస్తుంది. ర్యాంప్ మీదైతే అసలు చూడొద్దు. చోటు దొరికాక ఎప్పుడు చూసినా అక్కడే, అదే పద్ధతిలో చూడండి. సాయంత్రం బయట తిరిగొచ్చి, ఆపి, పైకెళ్లి కాఫీ తాగి రండి. పుల్ల తీసి నూలు పోగులు ఊడని గుడ్డతో తుడవండి. గొట్టంలో అడుగంటా దించి, ఒక్క క్షణం ఆగి తీయండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది లెక్కలోకి రాదు, గొట్టం గోడలకి అంటిన ఆయిల్ కూడా పుల్లకి పూసుకుని ఉంటుంది. తీశాక కొస కిందకే ఉంచండి. చాలామంది వెలుతురు కోసం కొస పైకెత్తుతారు, ఆయిల్ గీతల మీదకి జారి కొలత పెరిగిపోతుంది. పుల్లకి రెండు వైపులా చూసి, తక్కువున్న వైపు లెక్క తీసుకోండి.

వేడి ఇంజన్‌కీ చల్లని ఇంజన్‌కీ కూడా తేడా ఉంటుంది. నాలుగు లీటర్ల ఆయిల్ పొద్దున చల్లగా ఉన్నప్పటికంటే బాగా వేడెక్కాక 150 నుంచి 200 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. కొన్ని కంపెనీలు వేడి మీద చూడమంటాయి, కొన్ని చల్లగా చూడమంటాయి. మీ కారు పుస్తకం ఏదంటే అది చేయండి. పొద్దునోసారి, సాయంత్రమోసారి చూసి రెండూ పోల్చుకుంటే మాత్రం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

చూసినప్పుడల్లా కిలోమీటర్లూ, ఆయిల్ ఎక్కడుందీ ఒక డైరీలో రాసుకోండి. బ్యాంకులో పనిచేసినవారు, మీకు చెప్పక్కర్లేదు. మొన్న మూడో వంతు, ఇవాళ సగం ఖాళీ అని అందులో కనిపిస్తే, అప్పుడు కారుతోందా, మండిపోతోందా అని వెతకాలి. గీతల మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, మ్యాక్స్ దాకా నింపి తీరాలని పట్టుదల వద్దు. చాలా కార్లలో మినిమం నుంచి మ్యాక్స్‌కి సుమారు లీటరు, కొన్ని చిన్న ఇంజన్లలో ఇంకా తక్కువ. పోయాల్సి వస్తే పావు లీటరు లోపు పోసి, ఆగి, మళ్లీ చూసి పోయండి.

ఇక ఇప్పుడు ఎక్కువైన ఆ అర వేలు. దాన్ని అలా వదలకండి. ఆయిల్ మరీ పైకొస్తే తిరిగే క్రాంక్ ఇరుసు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది, నురగతో బేరింగులకి సరైన ప్రెషర్ అందదు. పైపెచ్చు ఇంజన్ లోపలి గాలి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది, ఆయిల్ సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే పుల్ల గొట్టంలోంచి సన్నటి పైపు పెట్టి లాగేస్తారు, పది నిమిషాల పని.

*నా కారు 2021 మోడల్ డీజిల్. షాపు గవర్నర్‌పేటలో. ఇంటికీ షాపుకీ తప్ప పెద్దగా తిరగను. ఆయిల్ తగ్గడం విన్నాను గానీ నాకు పెరుగుతోంది! నెలకి నెల మ్యాక్స్ దాటి పైకి పోతోంది.*
*– వ్యాపారి, విజయవాడ*

బాబూ, తగ్గినదానికంటే పెరిగినదానికి ఎక్కువ భయపడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంది. అది నిండితే ఇంజన్ కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి, ఆ వేడితో మసిని కాల్చుకుంటుంది. ఆ పని పూర్తవ్వాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి స్పీడులో వెళ్లాలి. మీరు బెసంట్ రోడ్డు ట్రాఫిక్‌లో మధ్యలో ఆపేస్తున్నారు. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందకి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పుల్ల వాసన చూడండి, డీజిల్ కొట్టిందంటే ఇదే. ఆయిల్ పలచబడిపోయి ఉంటుంది, ఇప్పుడే మార్పించండి. ఎందుకు పెరిగిందో మెకానిక్‌కి చెప్పి ఇంజెక్టర్లు కూడా చూపించండి. ఆ తర్వాత వారానికోసారైనా ఏలూరు వైపు హైవే మీద అరగంట పోనివ్వండి.

*సింగ్‌నగర్‌లో సెకండ్ హ్యాండ్ బైకు కొన్నాను. మూత తీస్తే లోపల ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంది. అమ్మినాయన వానాకాలంలో అలాగే ఉంటుందంటున్నాడు.*
*– డిగ్రీ విద్యార్థి, విజయవాడ*

తమ్ముడూ, కిక్ కొట్టకు. మూతకి లోపలివైపు కాస్త తెల్లటి మీగడలా పట్టిందంటే చెమ్మ, చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బళ్లకి వస్తుంది, పెద్ద విషయం కాదు. పుల్లకి అంటిన ఆయిలే కాఫీ రంగులో ఉంటే ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ పేటంతా మునిగినప్పుడు సీటు దాకా నీళ్లలో నిలబడిన బళ్లు ఎన్నో. తుడిచి, రంగేసి అమ్మినవీ లేకపోలేదు. నీ బండి అందులోదని నేననడం లేదు, అడిగి తెలుసుకో. ఆయిల్ అంతా దించి కొత్తది పోయించు, కొద్దిసేపు ఆడించి అది కూడా దించెయ్. మళ్లీ తెల్లబడకుండా నిలిస్తే అదృష్టవంతుడివి. ఎయిర్ ఫిల్టర్ తీసి బురద చార ఉందేమో చూడు. ఉంటే అమ్మినాయన దగ్గరికి ఆ ఫిల్టర్ పట్టుకునే వెళ్లు.

ఇక పోస్టుకార్డు ప్రశ్నలు.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగినప్పుడు చూస్తే చాలదా అని తెనాలి పాఠకుడు. చాలదు. ఆ లైటు ఆయిల్ ప్రెషర్‌ది, ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు. నడుస్తుండగా అది వెలిగిందంటే బండి పక్కకి తీసి వెంటనే ఇంజన్ ఆపాలి, ఇంటిదాకా పోదామనుకోవద్దు.

ఆయిల్ నల్లబడితే మార్చాలా? డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. రంగు చూడకండి, కిలోమీటర్లూ నెలలూ చూడండి.

కారుకి మిగిలిన ఆయిల్ బైకులో పోయొచ్చా? వద్దు. గేర్ల బైకులో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌తో క్లచ్ జారుతుంది. డబ్బా మీద గేర్ల బైకుల ఆయిల్ గుర్తు, జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ఉందో లేదో చూసి కొనండి. గేర్లు లేని స్కూటర్లకి ఎంబీ రకం వస్తుంది.

దించిన పాత ఆయిల్ ఏం చేయాలని మంగళగిరి నుంచి ఒకరు. దయచేసి కాలవలో పోయకండి. బందరు కాలవ గట్టున నిలబడి ఆ రంగుల తెట్టు చూసినవాణ్ణి. పాత డబ్బాలోనే పోసి మూత బిగించి ఏ షెడ్డులో ఇచ్చినా తీసుకుంటారు, డ్రమ్ములకెత్తి శుద్ధి చేసేవాళ్లకి పంపిస్తారు. నా దగ్గరికి తెస్తే ఉచితంగా తీసుకుంటాను, పనిలో పనిగా నేల మీద పెయింట్‌తో గీసిన ఆ డబ్బాలో మీ బండి పెట్టి ఆయిల్ కూడా చూసి పంపిస్తాను.