నేను ఒప్పుకోని ఒప్పందం నాకూ వర్తిస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు, బి.క్యాంపు. ఒక విమాన సంస్థలో నాలుగేళ్లుగా కో-పైలట్‌గా చేస్తున్నాను. బేస్ శంషాబాద్. మా పైలట్ల సంఘం, యాజమాన్యం కలిసి ఐదేళ్లకు కొత్త వేతన ఒప్పందం ముసాయిదా తయారు చేశాయి. ఇప్పుడు గంటకు రూ. 3,000 లెక్కన నెలకు 70 గంటలకు గ్యారంటీ ఉంది. ఎగిరినా ఎగరకపోయినా అంత వస్తుంది. కొత్తదాంట్లో గంటకు రూ. 3,800, కానీ గ్యారంటీ 50 గంటలకే. పాత బకాయిలు ఇక అడగకూడదని ఒక క్లాజు కూడా పెట్టారు. వచ్చే వారం సంఘంలో ఓటింగ్. వాట్సాప్ గ్రూపులో రాత్రింబవళ్లు గొడవే. నేను వద్దనే ఓటేస్తాను. అయినా పాసైతే నాకూ వర్తిస్తుందా? ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మా నాన్న ‘యూనియనోళ్లు సంతకం పెడితే నువ్వు పెట్టకున్నా ఒకటేరా, ఏమన్నా ఉంటే ఇక్కడే లేబర్ ఆఫీసుకు పోదాం పా’ అంటున్నారు. హెచ్.ఆర్. వాళ్లేమో ఇంత జీతం తీసుకునేవాళ్లకు లేబర్ చట్టమే రాదంటున్నారు. కొందరు సీనియర్లు అందరం ఒకేరోజు సిక్ లీవు పెడదామంటున్నారు. విసిగిపోయి వేరే కంపెనీకి పోదామన్నా బాండు, నోటీసు పీరియడ్ ఉన్నాయి. ఏం చేయమంటారు?
– పేరు రాయొద్దు, కర్నూలు

జవాబు: మీ నాన్నగారు చెప్పింది ముప్పాతిక వంతు నిజం. మిగిలిన పావు వంతులోనే మీ కేసుంది. అయితే ముందు హెచ్.ఆర్. వాళ్ల మాట సంగతి తేల్చాలి. అది నిజమైతే మిగతా చర్చే అక్కర్లేదు.

2025 నవంబర్ 21 నుంచి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ‘వర్క్‌మన్’ అన్నవాడే ఇందులో ‘వర్కర్’. ఒళ్లు వంచి చేసే పని, నైపుణ్యం ఉన్న పని, సాంకేతిక పని, గుమాస్తా పని, ఇలా పనిని బట్టే ఆ నిర్వచనం నడుస్తుంది. జీతం లెక్క వచ్చేది ఒక్క సూపర్‌వైజర్ల విషయంలోనే. వాళ్లు నెలకు రూ. 18,000 దాటితే వర్కర్లు కారు. సూపర్‌వైజర్ కానివాడికి లక్షలొచ్చినా ఆ కారణంగా చట్టం బయటికి పోడు. పైలట్‌ది నైపుణ్యంతో కూడిన సాంకేతిక పని కాబట్టి పాత చట్టం కింద వర్క్‌మనేనని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాక్‌పిట్‌లో కమాండర్ (కెప్టెన్) మాట చెల్లుతుంది కాబట్టి ఆయన సూపర్‌వైజరేనని వాదించవచ్చు, నిజమే. కానీ క్యాబిన్ సిబ్బందికి సెలవు ఇచ్చేది, ఇంక్రిమెంట్ ఆపేది, ఉద్యోగంలోంచి తీసేది ఆయన కాదు కదా. కో-పైలట్ అయిన మీ విషయంలో ఆ వాదన ఇంకా పలచబడుతుంది.

ముసాయిదాలో ఒక చోట మాత్రం వేలు పెట్టి చదవండి: ఫలానా సర్వీసు దాటిన కమాండర్లు ‘మేనేజ్‌మెంట్ కేడర్’ అవుతారని ఎక్కడైనా ఉందా? 2023 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా కొత్త జీతాల పద్ధతి తెచ్చినప్పుడు అక్కడి రెండు పైలట్ల సంఘాలూ కాదన్న కారణాల్లో ఇదీ ఒకటి. హోదా పేరు మార్చినంత మాత్రాన చట్టం దృష్టిలో పని మారదు. కానీ అది నిరూపించుకోవడానికి మీరు కోర్టు మెట్లెక్కాలి, ఈలోగా సంఘంలో మీ సభ్యత్వం ప్రశ్నార్థకమవుతుంది. యాజమాన్యాలకు కావలసింది ఆ ఆలస్యమేనని నా అనుమానం.

ఇక అసలు ప్రశ్న. గ్రూపులో అందరూ ఓటు గురించే కొట్టుకుంటున్నట్టున్నారు. నన్నడిగితే ఓటు కంటే సంతకం ముఖ్యం. ఎవరు పెడతారు, ఎవరి ముందు పెడతారు అన్నదాన్ని బట్టే అది మీకు వర్తించడం, వర్తించకపోవడం ఉంటుంది.

కోడ్‌లో 57వ సెక్షన్ రెండు దారులు చూపిస్తుంది. యాజమాన్యం, సంఘం తమలో తాము కూర్చుని రాసుకున్న ఒప్పందం అందులో పక్షాలైన వాళ్లకే వర్తిస్తుంది. అదే ఒప్పందం లేబర్ శాఖ రాజీ అధికారి దగ్గర, రాజీ చర్చల్లో కుదిరితే ఆ సంస్థలో ఉన్న కార్మికులందరికీ వర్తిస్తుంది. సంఘంలో లేనివాడికి, వద్దని ఓటేసినవాడికి, రేపు చేరబోయేవాడికి కూడా. మీ నాన్నగారి మాట పూర్తిగా నిజమయ్యేది ఈ రెండో దారిలోనే. పాత చట్టంలోనూ ఇదే పద్ధతి. మైనారిటీ సంఘం ఒప్పుకోకపోయినా రాజీలో కుదిరిన ఒప్పందం వాళ్లనూ కట్టేస్తుందని బరౌనీ రిఫైనరీ కేసులో 1990లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని కొట్టేయించాలంటే మోసమో, లంచమో, దురుద్దేశమో చూపించాలి. ‘నాకు నచ్చలేదు’ అంటే చాలదు.

కాబట్టి సంఘం కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి: ఈ ఒప్పందం మీ ఇద్దరి మధ్యేనా, రాజీ అధికారి ముందా? మన సంఘానికి కోడ్ ప్రకారం చర్చలు జరిపే గుర్తింపు ఉందా? మస్టర్ రోల్‌లో (ఉద్యోగుల జాబితాలో) 51 శాతం మద్దతున్న సంఘాన్ని ఏకైక చర్చల సంఘంగా గుర్తించాలని 14వ సెక్షన్ అంటుంది. అంత బలం ఎవరికీ లేకపోతే కనీసం 20 శాతం ఉన్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. ఆర్టీసీలో గుర్తింపు ఎన్నికలు చూసిన మీ నాన్నగారికి ఇది కొత్త కాదు.

ఓటింగ్ గురించి ఒక మాట. ఒప్పందంపై సభ్యుల ఓటు తప్పనిసరి అని కోడ్‌లో ఎక్కడా లేదు. అది మీ సంఘం బైలాలో ఉంటేనే ఉంది. బైలా కాపీ తీసుకుని, ‘జనరల్ బాడీ ఆమోదం’ అన్న మాట ఉందో లేదో చూడండి. గ్రూపులో అమెరికా పైలట్ల వీడియోలు తిరుగుతుంటాయి కదా. 2022 నవంబర్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు మొదటి ముసాయిదాను 94 శాతం ఓట్లతో తిప్పికొట్టి, 2023 సెప్టెంబర్‌లో అంతకంటే మెరుగైనదాన్ని ఒప్పుకున్నారు. అది వాస్తవమే. కానీ వాళ్లది 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్, పేరు రైల్వేదే అయినా విమాన సంస్థలకూ వర్తిస్తుంది. అక్కడ గడువు తీరినా కొత్తది కుదిరేదాకా పాత ఒప్పందమే నడుస్తుంది, అందుకే వాళ్లు తీరిగ్గా కాదనగలిగారు. ఇక్కడ కూడా పాత సెటిల్‌మెంట్ (సంఘంతో కుదిరిన ఒప్పందం) 60 రోజుల నోటీసుతో రద్దు చేసేదాకా నడుస్తుంది. అయితే మీ పాత 70 గంటల గ్యారంటీ అసలు సెటిల్‌మెంట్‌లో ఉందా, కంపెనీ సర్క్యులర్‌లో ఉందా? సర్క్యులరే అయితే యాజమాన్యం 40వ సెక్షన్ కింద మార్పు నోటీసు ఇచ్చి 21 రోజుల తర్వాత మార్చడానికి చూడొచ్చు. సెటిల్‌మెంట్ ద్వారా మారిస్తే ఆ నోటీసు కూడా అక్కర్లేదు. సంఘం సంతకం కోసం యాజమాన్యం అంత తొందరపడటానికి ఇదొక కారణం కావచ్చు.

ఇప్పుడు డబ్బు. మీరిచ్చిన లెక్కతోనే చూద్దాం. నెలకు 75 గంటలు ఎగిరితే పాతదాంట్లో రూ. 2,25,000, కొత్తదాంట్లో రూ. 2,85,000. అరవై వేలు ఎక్కువ. 45 గంటలే ఎగిరితే పాతదాంట్లో రూ. 2,10,000, కొత్తదాంట్లో రూ. 1,90,000. ఇరవై వేలు తక్కువ. సుమారు 55 గంటల దగ్గర రెండూ సమానం. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఏడాదికి వెయ్యి గంటలే పరిమితి, సగటున నెలకు 83 గంటలు. అంటే విమానాలు నిండుగా తిరిగే రోజుల్లో మీకు కొత్తదే లాభం. గ్రూపులో ‘ఎస్’ అంటున్నవాళ్లు ఈ నెలలు చూసి అంటున్నారు, ‘నో’ అంటున్నవాళ్లు ఖాళీ నెలలు చూసి అంటున్నారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. 2023 మేలో గో ఫస్ట్ అనే సంస్థ విమానాలు ఆగిపోయినప్పుడు ఆ పైలట్లకు ఎగరడానికి ఒక్క విమానం లేదు. ఇంజన్లు రాక విమానాలు నేల మీద నిలబడితే మీకూ గంటలుండవు.

అందుకే 70, 50 అన్న అంకెల కంటే గ్యారంటీ క్లాజులోని షరతు ముఖ్యం. ఇలాంటి ఒప్పందాల్లో ‘రోస్టరుకు (డ్యూటీల జాబితాకు) అందుబాటులో ఉన్న నెలలకు మాత్రమే’ అని ఒక చిన్న వాక్యం దూరుతుంది. అందుబాటులో లేకపోవడం అంటే ఏమిటి? మీరు సెలవు పెట్టడమా, మెడికల్‌లో తాత్కాలికంగా అన్‌ఫిట్ కావడమా, సిమ్యులేటర్ ట్రైనింగ్‌కు కంపెనీయే పంపడమా, విమానం లేక కంపెనీయే రోస్టర్ వేయకపోవడమా? చివరి రెండింటికీ గ్యారంటీ పోకూడదు. ఆ మాట ముసాయిదాలో అక్షరాలా ఉండాలి. మీ సంఘం నాయకులను ఒక్క వాక్యం మార్పించమని అడిగే అవకాశముంటే ఈ వాక్యం కోసం అడగండి. గంటకు ఇంకో రెండొందల కోసం పట్టుబట్టడం కంటే దీని విలువ ఎక్కువ.

పాత బకాయిల క్లాజు సంగతి. ఒప్పందంలో భాగంగా సంఘం బకాయిలు వదులుకోవచ్చు. పెంపు పనికొస్తుంది, ఆ క్లాజు వద్దు అని విడదీసి సవాలు చేస్తే కోర్టు మెచ్చదు. మామిడిపండు గుజ్జు నాకు, టెంక నీకు అన్నట్టుంటుంది. ఒప్పందాన్ని మొత్తంగా చూసి న్యాయంగా ఉందా లేదా తేల్చాలని 1976లో హెర్బర్ట్‌సన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నేటికీ వాడుకలో ఉంది. అయితే పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి చట్టబద్ధమైన బాకీలను ఏ సంఘమూ వదులుకోలేదు. డీజీసీఏ విశ్రాంతి నిబంధనలూ అంతే. వారానికి 48 గంటల విశ్రాంతి అని నిబంధన ఉంటే, ఒప్పందంలో తక్కువ రాసుకుని అందరూ చేతులెత్తినా చెల్లదు.

ఒప్పందం మీ రెండు పక్షాల మధ్యే కుదిరిందనుకోండి. అప్పుడు యాజమాన్యం ఒక్కొక్కరి అంగీకారం విడిగా తీసుకోవడానికి చూస్తుంది. రోస్టర్ యాప్ తెరవగానే ‘కొత్త సర్వీసు నిబంధనలు చదివి అంగీకరిస్తున్నాను’ అని ఒక పేజీ వస్తుంది, కింద ఒక్క బటన్. రిపోర్టింగ్ టైం దగ్గర పడిందని దాన్ని నొక్కేస్తారు. నొక్కితే మీరూ పక్షమైనట్టే వాదిస్తారు. నొక్కక తప్పని పరిస్థితైతే అదే రోజు హెచ్.ఆర్.కు మెయిల్ పెట్టండి: డ్యూటీ కోసం మాత్రమే యాప్ తెరిచాను, నిబంధనలకు నా అంగీకారం లేదు, పెరిగిన మొత్తం నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను అని. మూడు నెలలు పెంపు తీసుకుని నాలుగో నెల అభ్యంతరం చెబితే ఎవరూ వినరు. సంతకం పెట్టినవాళ్లకే కమాండ్ అప్‌గ్రేడ్ (కమాండర్‌గా ప్రమోషన్) ముందిస్తామని ఎవరైనా నోటితో అంటే తేదీతో సహా రాసిపెట్టుకోండి. సంఘాన్ని దెబ్బతీయడానికి అలా పక్షపాతం చూపితే అది కోడ్ రెండో షెడ్యూల్ కింద అనుచిత కార్మిక విధానమని వాదించవచ్చు.

లేబర్ ఆఫీసు అంటే మీ నాన్నగారికి కర్నూలులోనిదే గుర్తొచ్చింది కానీ, విమాన సర్వీసులు కేంద్రం పరిధిలోకి వస్తాయి. మీరు వెళ్లాల్సింది హైదరాబాద్‌లోని కేంద్ర ప్రాంతీయ లేబర్ కమిషనర్ దగ్గరికి. ఇక్కడ పిటిషన్ ఇస్తే తీసుకుంటారేమో, పరిధి లేదని తిప్పి పంపడానికి మాత్రం వారాలు పడుతుంది.

సామూహిక సిక్ లీవు వద్దు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది అలా చేసి విమానాలు ఆగిపోయాక, సంస్థ కొందరిని ఉద్యోగంలోంచి తీసేసింది. ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర చర్చలు జరిగాకే వాళ్లను వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు చట్టం ఇంకా గట్టిది. 50 శాతం, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెడితే అది సమ్మే. సిక్ లీవు ‘క్యాజువల్’ కాదని నేను కోర్టులో వాదించగలను, గెలుస్తానని మాట మాత్రం ఇవ్వలేను. సమ్మెకు నోటీసు ఇచ్చి కనీసం 14 రోజులు ఆగాలి. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు, ముగిశాక 7 రోజుల దాకా చేయకూడదు. చట్టవిరుద్ధ సమ్మెకు రూ. 1,000 నుంచి 10,000 దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని నోటీసు లేకుండా రాకపోతే ఎనిమిది రోజుల జీతం దాకా కోయవచ్చు. నిజంగా ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఎవరేమనుకున్నా విమానం ఎక్కొద్దు. అది వేరే సంగతి.

రాజీనామా గురించి. 2017 డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్‌కు ఆరు నెలల నోటీసు, కమాండర్‌కు ఏడాది. నోటీసు కాలంలో కంపెనీ జీతం తగ్గించినా, నిబంధనలు మీకు నష్టం కలిగేలా మార్చినా, గడువుకు ముందే విడుదల కోరే హక్కు అదే నిబంధనలో ఉంది. అంటే నోటీసు ఇచ్చాక గ్యారంటీ 50కి దిగితే అది మీ చేతిలో ఒక ఆయుధం. ఒప్పందం అమల్లోకి వచ్చాక నోటీసిస్తే ఆ ఆయుధం ఉండదు. బాండు దగ్గర మాత్రం ధీమాగా ఉండకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో రూ. 2 లక్షల బాండును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కంపెనీకి సమంజసమైన పరిహారమే దక్కుతుంది, బాండులో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. మీ టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడపడానికి శిక్షణ, అర్హత) ఖర్చు ఎంత, ఎవరు కట్టారు, బాండు గడువులో ఎన్ని నెలలు మిగిలాయి అన్నవి చూస్తే కానీ అంకె చెప్పలేం. అపాయింట్‌మెంట్ లెటర్, బాండు, సంఘం బైలా, ముసాయిదా తీసుకుని ఓటింగ్‌కు ముందే ఏ లాయర్‌నైనా కలవండి. గ్రూపులో వచ్చిన పేజీల ఫోటోలు పనికిరావు, క్లాజులు సగంలో తెగిపోతుంటాయి. పూర్తి పీడీఎఫ్ అడిగి తీసుకెళ్లండి.