రేస్ కారు కొనాలా? ముందు ఏడాది ఖర్చు లెక్క తేల్చండి

ప్రశ్న: మూడేళ్లుగా ట్రాక్ డేలకు (రేస్ ట్రాక్ మీద పోటీ లేకుండా సొంత కారు నడుపుకునే రోజులకు) వెళ్తున్నాను, రోజూ ఆఫీసుకు వెళ్లే కారుతోనే. దాని లోన్ ఇంకా రెండేళ్లుంది. ఈమధ్య బ్రేక్ ప్యాడ్లు, టైర్లు మరీ త్వరగా అరిగిపోతున్నాయి, ఇంట్లో గొడవ. ఈ కారులోనే రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఇనుప గొట్టాల చట్రం), ఒంటిని కదలకుండా పట్టుకునే బకెట్ సీట్లు పెట్టించాలా, లేక రెడీగా ఉన్న పాత రేస్ కారు కొనాలా? రేస్ కారు ధర నా ఎనిమిది నెలల జీతం అవుతుంది. సగం రిటైర్‌మెంట్ పొదుపులోంచి తీసి, మిగతాది పర్సనల్ లోన్ పెడదామని ఉంది. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే, పాప స్కూలుకెళ్తోంది.

జవాబు: పర్సనల్ లోన్ వద్దు. రిటైర్‌మెంట్ డబ్బు జోలికీ వెళ్లొద్దు. ఇష్టమైన పనికి ఖర్చు పెట్టొద్దని నేను ఎవరికీ చెప్పను, కానీ రేస్ కారు ఏ రోజైనా గోడకు తగిలి తుక్కయిపోగల వస్తువు, దాన్ని అప్పుతో కొంటే కారు పోయాక కూడా ఏళ్ల తరబడి వాయిదాలు కడుతూనే ఉండాలి. నేను చూసేది ఒక్కటే: ఆ కారు రేపు మొత్తంగా పోయినా మీ ఇంటి ఖర్చుల్లో ఏ తేడా రాకూడదు. మీ లెక్కతో అయితే వస్తుంది.

మీరు అడగని సంగతి ఒకటి ఇంకా అర్జెంటు. ఇప్పుడు నడుపుతున్న కారు మీద లోన్ ఉందన్నారు. మామూలు మోటార్ పాలసీలు చాలావరకు రేసింగ్‌ని, వేగ పరీక్షల్ని మినహాయిస్తాయి, కొన్నిట్లో ట్రాక్ మీద నడపడం కూడా ఆ మినహాయింపులోకే వస్తుంది. అంటే ట్రాక్ మీద కారు పల్టీ కొడితే పాలసీ నుంచి పైసా రాకపోవచ్చు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని దేశాల్లో ఒక్క ట్రాక్ డేకి సరిపడే పాలసీ విడిగా అమ్ముతారు (పోటీలకు అది సాధారణంగా పనికిరాదు), మీ దగ్గర దొరికితే ప్రతిసారీ తీసుకోండి. మీ జీవిత బీమా, ఆరోగ్య బీమా కాగితాలు కూడా బయటికి తీసి ప్రమాదకర క్రీడలు, మోటార్ రేసింగ్ అన్న మాటలు ఎక్కడున్నాయో చూడండి. అర్థం కాకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రీమియం పెరిగినా సరే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాచిపెట్టి తీసుకున్న పాలసీ అవసరానికి అక్కరకు రాదు. సంపాదించేది మీరొక్కరే కాబట్టి, చెయ్యి విరిగి కొన్ని నెలలు పనికి వెళ్లలేకపోతే జీతం ఎలా అన్నదానికి కూడా జవాబు ఉండాలి.

ఇక ఉన్న కారులోనే కేజ్ పెట్టించడం. రెండు ఆలోచనల్లో ఇదే నాకు అస్సలు నచ్చనిది. రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకోరు కదా, చిన్న యాక్సిడెంట్‌లో కూడా తల ఆ ఇనుప గొట్టానికి తగిలే ప్రమాదం ఉంది. పోనీ కేజ్ వదిలేసి హార్నెస్ (భుజాల్నీ నడుమునీ సీటుకి కట్టేసే రేసింగ్ బెల్టు) ఒక్కటే బిగిద్దామంటే, కారు బోల్తా పడి పైకప్పు లోపలికి నొక్కుకుపోయినప్పుడు ఒంటిని పక్కకి వంగనివ్వదు. డబ్బు పరంగా చూసినా తేడా కొడుతుంది, కేజ్‌కి, సీట్లకి, సస్పెన్షన్‌కి పెట్టిన ఖర్చు అమ్మేటప్పుడు తిరిగి రాదు సరికదా, మామూలు కొనుగోలుదారు ఆ కారుని చూసి వెనక్కి వెళ్లిపోతాడు. పైగా లోన్ తీరని కారుని ఇలా మార్చాలంటే అప్పిచ్చిన సంస్థ, బీమా కంపెనీ రెండూ ఒప్పుకోవాలి.

ప్యాడ్ల సంగతికి వస్తే, కారు పాడైందని టెన్షన్ పడకండి. మూడేళ్లలో మీ స్పీడు పెరిగింది, అంతే. ట్రాక్‌లో ప్రతిచోటా వేగం 10 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన వేడి 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ శక్తి వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. మీ డ్రైవింగ్ మెరుగుపడే కొద్దీ, అదే కారులో కూడా, బిల్లు పెరుగుతూనే పోతుంది. రేస్ కారు ఎంచుకునేటప్పుడు ఇది మర్చిపోవద్దు: బరువూ హార్స్‌పవరూ ఎక్కువున్న కారు ప్రతి సెషన్‌లోనూ ఎక్కువ తినేస్తుంది. మాజ్డా ఎంఎక్స్-5 లాంటి చిన్న, తేలికైన కార్లు అమెచ్యూర్ రేసింగ్‌లో ఇన్నేళ్లుగా నిలబడటానికి ఇదో పెద్ద కారణం.

కొన్న ధర ఒక్కసారితో అయిపోతుంది, ఏడాది ఖర్చు అలా కాదు. రోడ్డు మీద నడపడానికి వీల్లేని కారైతే ట్రైలర్ కావాలి, దాన్ని లాగే బండి కావాలి, రెండూ పెట్టుకోవడానికి చోటు కావాలి. ఎంట్రీ ఫీజులు, లైసెన్స్, మెడికల్ టెస్టు, వానకి ఇంకో సెట్టు టైర్లు, ఎప్పుడో ఒకప్పుడు ఇంజిన్ లేదా గేర్‌బాక్స్ విప్పి బాగుచేయించడం. వాడకపోయినా కాలం తీరిపోయేవి కూడా ఉన్నాయి. అంతర్జాతీయ మోటార్ క్రీడల సంఘం ఎఫ్‌ఐఏ వారి 8853-2016 ప్రమాణం ఉన్న హార్నెస్‌కి చెల్లుబాటు ఐదేళ్లే. ఆటో రేసింగ్ హెల్మెట్లకి స్నెల్ అనే భద్రతా సంస్థ ఇచ్చే ప్రమాణం కూడా సుమారు ఐదేళ్లకోసారి కొత్తది వస్తుంది, 2015, 2020, 2025 అలా వచ్చినవే, కాబట్టి పాతదాన్ని తనిఖీలో వెనక్కి పంపేరోజు ఒకటి వస్తుంది. ఇవన్నీ మీకు నచ్చిన పోటీ రూల్ బుక్ దగ్గర పెట్టుకుని నెలవారీగా రాయండి. ఆ మొత్తాన్ని ఆరు నెలలపాటు నిజంగానే ప్రతి నెలా విడి ఖాతాలో వేసి చూడండి. ఇల్లు ఇబ్బంది లేకుండా నడిస్తే రేస్ కారు గురించి మాట్లాడుకోవచ్చు.

నేనైతే ఇలా చేయమంటాను. వచ్చే రెండేళ్లు కారుని స్టాక్‌గానే (కంపెనీ ఇచ్చినట్టే) ఉంచండి, మంచి ప్యాడ్లు, తాజా బ్రేక్ ఫ్లూయిడ్, ట్రాక్‌కి విడిగా ఒక సెట్టు చక్రాలు చాలు. మిగిలిన డబ్బుని కోచింగ్ మీద పెట్టండి, పార్టుల కన్నా అదే ల్యాప్ టైమ్‌ని ఎక్కువ తగ్గిస్తుంది. ఏడాదిలో ఒకటి రెండుసార్లు రేస్ కారు అద్దెకు తీసుకుని పోటీలో దిగండి. అద్దె చూస్తే గుండె గుభేల్‌మంటుంది, కానీ ట్రైలర్, చోటు, ఇంజిన్ రిపేరు అన్నీ అందులోనే ఉంటాయి. గుద్దితే మీరు కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతో మాత్రం సంతకానికి ముందే చూసుకోండి. పక్కవాడు అంగుళం దూరంలో ఉన్నప్పుడు అసలు మీకు రేసు నచ్చుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ట్రాక్ డే నచ్చిన వాళ్లందరికీ రేసు నచ్చదు.

రెండేళ్లకి లోన్ తీరుతుంది. ఆ వాయిదా సొమ్మునే రేస్ ఖాతాలోకి మళ్లించండి. అందులో చేరిన దాంట్లో మూడింట రెండు వంతులకు దొరికే కారే చూడండి, మిగతా వంతు మొదటి సీజన్‌కి. ఆరు నెలల ఇంటి ఖర్చుకి దాచిన అత్యవసర నిధి ఈ లెక్కలోకి రాదు.

అప్పుడు కూడా సొంతంగా కట్టించుకోకండి, వేరేవాళ్లు కట్టించి ఇప్పటికే పోటీల్లో నడుపుతున్న కారే తీసుకోండి. లాగ్ బుక్ (కారు పోటీలు, తనిఖీల రికార్డు) అడగండి, గతంలో ఎంత గట్టిగా గుద్దుకుందో కొంతైనా అందులో దొరుకుతుంది. కేజ్ వెల్డింగ్ దగ్గర తుప్పు చూడండి, ఇంజిన్ కంప్రెషన్ టెస్టు (సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చూసేది) చేయించండి, హార్నెస్ మీద తేదీ చదవండి. గడువు దాటి ఉంటే కొత్తదాని ఖరీదు బేరంలో తగ్గించమనండి.