మామత్ ముద్ద ఎవరూ తినలేదు

అబ్బాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. అమలాపురంలో రిసెప్షన్‌కి ల్యాబ్‌లో పెంచిన మామత్ (ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగు) మాంసం వడ్డించడం, బంతిలో అందరూ లొట్టలేసుకుంటూ తినడం చదివి బాగా నవ్వుకున్నాను. కానీ పెళ్లికొడుకు తాత "అచ్చం మామత్ రుచే!" అన్నాడు చూడు, అక్కడ నీ మీద నమ్మకం పోయింది. ఆయనకెలా తెలుసురా? ఆఖరి మామత్‌లు సైబీరియాకి ఉత్తరాన రాంగెల్ దీవిలో సుమారు 4000 ఏళ్ల కిందటే పోయాయి.

అసలు జరిగింది నీ కథకన్నా చిత్రం. 2023 మార్చిలో వావ్ అనే ఆస్ట్రేలియా కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెమో సైన్స్ మ్యూజియంలో మామత్ మాంసం ముద్ద అని ఒకటి చూపించింది. అందులో మామత్‌ది ఎంతనుకున్నావు? మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ ఉంది కదా, ఆ ఒక్క ప్రొటీన్ జన్యువు. దాంట్లో ఖాళీలుంటే ఆఫ్రికా ఏనుగు జన్యువుతో పూడ్చి, గొర్రె కండర కణాల్లో పెట్టి పెంచారు. మిగతాదంతా గొర్రే. పైగా దాన్ని ఎవరూ తినలేదు. వేల ఏళ్లుగా ఏ మనిషీ తినని ప్రొటీన్, ఒంటికి పడుతుందో లేదోనని చేసినవాళ్లే వెనకాడారు. నీ బంతిలో మాత్రం ఒక్కడూ వెనకాడలేదు.

మొదటి రెండు పేజీల్లో ఉన్న కణాలు, పోషక ద్రవం, స్టీలు ట్యాంకులు చాలావరకు కొట్టెయ్. 2013లో లండన్‌లో రుచి చూపించిన ల్యాబ్ మాంసం బర్గర్, 2020లో అలాంటి మాంసం అమ్ముకోడానికి సింగపూర్ ఇచ్చిన అనుమతి నీకు తెలిసుంటే చాలు, పాత్రలచేత అప్పజెప్పించకు.

నీకు కావాల్సింది, రుచి తెలిసినవాడు ఒకడైనా బతికుండగానే కనబడకుండా పోయే ప్రాణి. దానికోసం సైబీరియా దాకా ఎందుకు? వరదనీటికి సముద్రంలోంచి గోదారిలోకి ఎదురీదుకుంటూ వచ్చే పులస ఉంది కదా. దొరకడం తగ్గిపోయిందని మన జాలర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఇంకో నలభై ఏళ్లకి అసలే లేదనుకో. కంపెనీవాడు ట్యాంకులో పెంచిన పులస కండ పట్టుకొచ్చాడు. తినేది యానాం పెద్దాయన. ఇప్పుడు ఆయన "అదే రుచి" అన్నా, విస్తరి పక్కకి తోసేసినా కథ కదులుతుంది.

ఇక్కడ నువ్వు పట్టుకోవాల్సింది ముల్లు. ట్యాంకులో కండ పెరుగుతుంది గానీ ముల్లు పెరగదు, కడుపులో జన (గుడ్లు) ఉండదు. పులస తినడమంటే సగం ముళ్లు ఏరుకోవడమే కదా! వేళ్లతో తడిమి, నాలుక కొసతో వెతికి, మనవరాలికైతే రెండుసార్లు చూసి మరీ ముద్ద పెట్టడం. డెబ్భై ఏళ్లు అలా తిన్న చెయ్యి ముల్లు లేని ముక్క ముందు ఏం చేస్తుంది? ఈ ఒక్క చోట పేజీ నిండా రాసినా నేను అడ్డు చెప్పను. మట్టి దాకలో బెండకాయలేసి కాచిన పులుసు మర్నాటికి గానీ రుచి తేలదంటారు మనవాళ్లు. ఆ కండ మర్నాటిదాకా విడిపోకుండా నిలుస్తుందో లేదో నువ్వే తేల్చు.

కంపెనీవాణ్ణి దుర్మార్గుణ్ణి చెయ్యకు. ఒడిశా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేపని గోదారి పులసని అంటగట్టేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. మోసపోవడం మనకి కొత్త కాదు, బేరమాడటం అంతకన్నా కాదు. "ట్యాంకుదేగా, ముల్లు కూడా లేదు, సగం ధరకిస్తావా?" అని అడిగే ఆవిడ ఒకావిడ కథలో ఉండి తీరాలి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మాత్రం వద్దు, ప్రతివాడూ వాడేశాడు.

రిసెప్షన్ ఉండనీ. కాకపోతే ఆగస్టుకి మార్చు, గోదారికి ఎర్రనీళ్లొచ్చే రోజులకి. ఇప్పుడున్నట్టు మే నెలలో పులస పెట్టావంటే మన వైపు వాళ్లు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు.