పనా? శ్రమా?

సందేహం: కమ్యూనిస్టు పాలనలో కార్మికులపై జరిగిన సర్వేల గురించి వ్యాసం రాస్తున్నాను. ‘పని పట్ల వైఖరి’ అని రాస్తే మా మిత్రుడు ‘శ్రమ పట్ల వైఖరి’ అనాలంటున్నాడు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడి పక్షాన రష్యన్లున్నారు. మీ పక్షానా వాళ్లే ఉన్నారు. 1960ల మొదట్లో సమాజశాస్త్రవేత్తలు యాదొవ్, జ్ద్రవొమీస్లొవ్‌ల బృందం లెనిన్‌గ్రాద్‌లో ముప్పయ్యేళ్లలోపు కార్మికులను 2,600 మందికి పైగా పరిశీలించింది. కొలిచింది ‘త్రూద్’ పట్ల వైఖరిని, అంటే శ్రమే. 1967లో వచ్చిన పుస్తకం పేరులో మాత్రం ‘రబోత’ ఉంది: ‘మనిషి, అతని పని’. వాళ్లు కార్మికుల మాట విని ఊరుకోలేదు, కోటా పూర్తిచేస్తున్నారా, చొరవ చూపుతున్నారా అని కూడా ఆరా తీశారు. తృప్తి విషయంలో జీతం కన్నా, ఆ పనిలో బుర్ర వాడే వీలుందా లేదా అన్నదే ముఖ్యమని తేల్చారు.

ఇక శ్రమ. ‘శ్రము తపసి ఖేదే చ’ అంటుంది సంస్కృత క్రియామూలాల పట్టిక ధాతుపాఠం. తపస్సూ అదే, అలసటా అదే. తపస్సు వైపు వెళ్తే శ్రమణుడు, ఆశ్రమం. అలసట వైపు వస్తే మార్గశ్రమ, విశ్రమించడం. మన కావ్యాల్లో శ్రమ చాలాచోట్ల చేసే పని కాదు, చేశాక మిగిలే బడలిక. ‘మీకు శ్రమ ఇచ్చాను’ అని ఇప్పటికీ అంటామే, పని అప్పగించానని దానర్థం కాదుగా! ఈ బడలికనే సంపదకు మూలంగా నిలబెట్టి శ్రమశక్తి, శ్రమదోపిడి అన్నది ఆధునిక అర్థశాస్త్రం. తప్పనను. పరిశ్రమ అనే మాట పొగగొట్టాలకు అతుక్కుపోయాక ఇంకేం అనగలం?

‘పని’కి అవసరం, ఉద్యోగం అనే అర్థాలూ ఉన్నాయి. నాకు ఒళ్లు మండేది పనితనం దగ్గర. ‘మంత్రి పనితనం బాగోలేదు’ అని రాస్తున్నారు. అక్కడ కావలసింది పనితీరు. పనితనం అంటే చేతి నేర్పు. 1970ల మొదట్లో బుడాపెస్టు ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పనిచేసిన హంగేరీ కవి హరస్తి ఒక సంగతి రాశాడు. పీసు రేటు (వస్తువుకింత అని ఇచ్చే కూలి) కోసం యంత్రాలతో పరుగులు పెట్టే కార్మికులే, దొంగచాటుగా తుక్కు ఇనుముతో యాష్‌ట్రేలు, తాళంచెవుల రింగులు మురిపెంగా చేసుకునేవారట. అదీ పనితనం! ఆ రాతలకు అతను కోర్టు బోనెక్కాడు.

సిద్ధాంతం చెప్పేచోట శ్రమ, కార్మికుడు తన గురించి చెప్పుకునేచోట పని అంటే నాకు బాగుంటుంది. మీ మిత్రుడు ఒప్పుకోకపోతే తగాదా వద్దు. ‘వర్క్ యాటిట్యూడ్’ అని మాత్రం ఇద్దరూ రాయకండి.