ఇంపాలా ముందు చక్రం హోరు: షాపుకి 450 డాలర్లు పొయ్యాలా?

తమ్ముడూ, కొత్తగా వచ్చినవాడికి అపార్ట్‌మెంటు డిపాజిట్టు, కారు ఇన్సూరెన్సు పోగా ఏం మిగులుతుందో నాకు తెలుసు. నీ షెవర్లే ఇంపాలా ముందు చక్రం హోరుమంటోందంటే చక్రాన్ని సాఫీగా తిప్పే బేరింగు అరిగి ఉంటుంది. అందులోంచి ఒక్క హబ్ అసెంబ్లీకి (బేరింగుతో సహా చక్రం బిగించే ముద్దకి) 450 డాలర్లు షాపుకి ఇస్తానంటే నాకు ప్రాణం ఒప్పదు. పార్టు 80 నుంచి 130 డాలర్లు, మిగతాదంతా కూలీ. ఆ కూలీ ఒక శనివారం నువ్వే చేసుకో. ఇప్పుడొచ్చే పిల్లలు స్టెప్నీ మార్చడానికి కూడా ఫోన్ అందుకుంటున్నారు, న్యూజెర్సీలో అలా అయితే డబ్బు నిలవదు.

ముందు ఏ పక్కదో తేల్చుకో. హోరు ఎడమ నుంచి వినిపించిందని నేను ఎడమ హబ్ మార్చాను, పోయింది కుడిది. కార్లో కూర్చుని చెవిని నమ్మకూడదు. ఖాళీ రోడ్డు మీద 40 మైళ్ల వేగంలో స్టీరింగ్ కాస్త ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగు. తర్వాత జాకీ మీద లేపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగుకు ఆనించు. పోయిన బేరింగు గరగర వేళ్లకు తగులుతుంది. చక్రం ఊగడం లేదని బేరింగు బాగుందనుకోకు. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగినా ఇదే మోత, ముందువి వెనక్కి మార్చి చూస్తే తేలిపోతుంది.

నీ ఇంపాలాకి హబ్, బేరింగు ఒకే ముద్దగా వస్తాయి, వెనక నుంచి మూడు బోల్టులు. చాలా హోండా సివిక్‌లలో బేరింగు ప్రెస్ పెట్టి ఎక్కించాలి, అది ఇంట్లో చేసే పని కాదు. టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్ లాంటి పేరున్న కంపెనీది కొను. 35 డాలర్ల హబ్ నాకు ఒక్క చలికాలం ఆగింది. కొత్త యాక్సిల్ నట్టు (చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఉండే పెద్ద నట్టు) కూడా తీసుకో. పెద్ద సాకెట్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నావో అంకెలో చూపే పానా) ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్టుల షాపుల్లో డిపాజిట్టు మీద ఇస్తారు, తిరిగిస్తే మొత్తం వెనక్కి వస్తుంది.

యాక్సిల్ నట్టు చక్రం నేల మీద ఉండగానే, హ్యాండ్ బ్రేకు వేసి, పొడవాటి బార్‌తో వదులు చెయ్యి. గాల్లో లేపాక వదులు చెయ్యబోతే కారు స్టాండ్ల మీంచి జారొచ్చు. తర్వాత వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి లేపి, స్టాండ్ల మీద దించు. ఒక్క జాకీని నమ్మి చెయ్యి పెట్టకు. కాలిపర్‌ని (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగాన్ని) బ్రాకెట్‌తో సహా విప్పి తీగతో స్ప్రింగుకు కట్టు, బ్రేకు గొట్టానికి వేలాడదీయకు. రోటర్ (బ్రేకు పళ్లెం) తీసి, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) వైరు కనెక్టర్ ఊడదియ్యి. ఆ వైరు ఏ దారిన వెళ్తోందో ఫోటో తీసుకో.

అసలు పోరాటం తుప్పుతో. టెక్సస్‌లో అరగంటలో ఊడే హబ్, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే మన వైపు అల్యూమినియం నకిల్‌లో (హబ్ కూర్చునే దిమ్మలో) అతుక్కుపోతుంది. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వు. మూడు బోల్టులూ ఐదారు చుట్లు వదులు చేసి, పూర్తిగా తియ్యకుండా ఉంచు. బోల్టు తల మీద పాత సాకెట్ పెట్టి ఒక్కోదాన్నీ వంతులవారీగా సుత్తితో కొట్టు. హబ్ వెంట్రుకవాసి చొప్పున కదులుతుంది. నకిల్‌ని కొట్టకు, పగులుతుంది. ఇలా దెబ్బలు తిన్న బోల్టులు మళ్లీ వాడకూడదు, కొత్తవి ముందే తెచ్చిపెట్టుకో. యాక్సిల్ రాకపోతే నట్టు అంచుదాకా బిగించి, చెక్క ముక్క అడ్డం పెట్టి లోపలికి తట్టు. బయటికి లాగితే లోపలి జాయింటు ఊడుతుంది.

నకిల్ కన్నం వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకు. హబ్ ముఖం, రోటర్ మధ్య తుప్పు పొలుసు ఒక్కటి మిగిలినా తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ అదురుతుంది. కన్నానికి యాంటీ సీజ్ (తుప్పుతో అతుక్కోకుండా ఆపే పేస్టు) పల్చగా పూసి కొత్త హబ్ పెట్టు. బోల్టులు మూడూ చేత్తో ఎక్కించాకే పానా పట్టు. ఏబీఎస్ వైరు పాత క్లిప్పుల్లోంచే పోవాలి, టైరుకు రాసుకుంటే తెగి డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది. యాక్సిల్ నట్టు ఇంపాక్ట్ గన్‌తో బిగించకు. టార్క్ రెంచ్‌తో, నీ మోడల్‌కి చెప్పిన అంకె దాకానే. ఆ అంకె రిపేరు మాన్యువల్‌లో చూసుకో, చాలా ఊళ్లలో లైబ్రరీ కార్డుతోనే దొరుకుతుంది. పూర్తి టార్క్ ఇవ్వకుండా కారు బరువు చక్రం మీద మోపితే కొత్త బేరింగు పాడవ్వొచ్చు, 100 డాలర్లు బూడిద. అందుకని రోటర్, కాలిపర్ తిరిగి బిగించాక, ముందు స్టాండ్ల మీదే, రోటర్ గాలి కన్నంలో స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి, ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని బిగించు.

బయల్దేరే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. అలైన్‌మెంటు (చక్రాల కోణం సరిచేయడం) చేయిస్తావా అని షాపువాడు అడిగితే వద్దను, స్ట్రట్ (స్ప్రింగు ఉన్న సస్పెన్షన్ భాగం) బోల్టులు ముట్టుకోలేదు కాబట్టి 100 డాలర్లు మిగులు. అపార్ట్‌మెంటు లీజులో పార్కింగ్‌లో రిపేర్లు నిషేధమేమో చూసుకుని, అలా అయితే సొంత ఇల్లున్న స్నేహితుడి డ్రైవ్‌వేలో చేసుకో. 50 మైళ్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ బిగించు. అరువు తెచ్చిన సామాన్లు రసీదుతో సహా తిరిగిచ్చి డిపాజిట్టు కార్డులోకి వచ్చిందో లేదో చూసుకో.